మా కుప్పానికి నీళ్ల దారిలో

తిరిగొచ్చిన మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. "భయం వేయలేదా మేడమ్?" అని. వేసింది. కానీ సముద్రాన్ని చూసి కాదు, మా అన్నను తలచుకుని. సముద్రం ముంచితే ముంచుతుంది, లేదంటే తేలుస్తుంది, అక్కడితో తేలిపోతుంది. మా అన్న అలా కాదు. కోపమొస్తే ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉండగలడు.

నేను నెల్లూరులో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పుట్టింది మాత్రం దక్షిణాన, సముద్రం ఒడ్డునున్న ఒక కుప్పంలో. చేపలు పట్టేవాళ్ల పల్లెల్ని మా వైపు కుప్పాలంటారు. మా నాన్న, ఆయన నాన్న, ఇప్పుడు మా అన్న పోలయ్య, అందరూ వేటకు వెళ్లేవాళ్లే. నేను వలల్లో చిక్కిన పీతల్ని విడదీశాను. తాడు పట్టి పడవలు లాగాను. గంగమ్మ కొలుపులప్పుడు పడవ మూతికి పసుపు రాసి కుంకుమ పెట్టాను. పడవ మాత్రం ఎక్కలేదు. మా కుప్పంలో ఆడవాళ్లు పడవ ఎక్కరు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "ఎక్కరు, అంతే" అన్నారు. యాభై దాటాక అడిగినా అదే జవాబు. ద్వీపమంటే ఏమిటో, ఉప్పునీటి సరస్సంటే ఏమిటో ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. పుట్టినింటి ముందరి నీళ్లను మాత్రం ఒడ్డున నిలబడే చూశాను. ఇంతకాలం ఎలా ఊరుకున్నానా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

అందుకే, పులికాట్ దీవుల మధ్య కయాక్ యాత్ర, చివరి రోజు సముద్రం అని ఫోన్‌లో ప్రకటన కనబడగానే డబ్బు కట్టేశాను. కయాక్ అంటే మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. చివరి రోజు ఏ ఒడ్డున దిగుదామని నిర్వాహకులు అడిగితే మా కుప్పం పేరు చెప్పాను. ఆ తర్వాత అన్నకు ఫోన్ చేశాను.

"అది పడవ కాదు, ప్లాస్టిక్ తొట్టి. దాన్లో ఊరి ముందుకొచ్చి నన్ను నవ్వులపాలు చేయబాక" అన్నాడు.

"నీది ఫైబర్ పడవ, నాది ప్లాస్టిక్. రెండూ చెట్టున కాసినవి కాదులే" అన్నాను. "అయినా పడవే కాదంటివి గదా. అట్టాంటప్పుడు ఆడది ఎక్కితే ఏంది?"

"మన ఒడ్డున మాత్రం దిగబాక ధనా" అని పెట్టేశాడు. నా పేరు ధనలక్ష్మి. ఆ ఇంట్లో నన్ను ధనా అని పిలిచేవాడు ఇక ఆయనొక్కడే మిగిలాడు. ఆ పిలుపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఒడ్డు వదులుకోవడం అంతకన్నా ఇష్టం లేదు.

భీములవారిపాళెం రేవు

తడ దగ్గర రేవులో మా గైడు సాల్మన్ కయాక్‌లను వరసగా పేర్చి నిలబడి ఉన్నాడు. కావలి ఊరివాడు, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. అండమాన్‌లో పగడపు దీవుల మధ్య టూరిస్టులను తిప్పి తిప్పి, సొంత జిల్లాలో ఎందుకు చేయకూడదని వెనక్కి వచ్చేశాడట. అక్కడి నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే కూర్చున్న చోటి నుంచే అడుగున పగడాలు, చారల చేపలు కనబడతాయని చెప్పాడు. "మనకాడ ఏం కనపడదు మేడమ్, అంతా బురదే" అని నొచ్చుకున్నట్టు అన్నాడు. ఆ బురదలోనే రొయ్య పెరుగుతుందని, కనబడకపోయినా కడుపు నింపే నీళ్లని, వాటి తరఫున క్షమాపణ చెప్పక్కర్లేదని నేను గట్టిగానే చెప్పాను. పాపం, మొదటి పలకరింపే తగువైంది.

రెండో తగువు సీటు దగ్గర. నాతోపాటు వచ్చింది హైదరాబాద్ జంట, అనూష, వంశీ. కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగాలు. వాళ్లిద్దరికీ ఒక జంట కయాక్ ఇచ్చి, నన్ను తన కయాక్‌లో ముందు సీట్లో కూర్చోమన్నాడు సాల్మన్. తెడ్డు వేయక్కర్లేదట, చుట్టూ చూస్తూ కూర్చుంటే చాలట. ఒడ్డున నిలబడి చూడటం యాభై ఏళ్లు చేశాను, దానికి డబ్బు కట్టలేదు అన్నాను. అతను తల గోక్కుని, నీళ్లలో పాతిన ఒక గుంజను చూపించి, దాన్ని చుట్టి వస్తే ఒంటి కయాక్ ఇస్తానన్నాడు.

ఎక్కే ముందు అతనిచ్చిన రబ్బరు బూట్లు విప్పి ఒడ్డున పెట్టి, కయాక్ మూతిని తాకి కళ్లకద్దుకున్నాను. మావాళ్లు పడవలో చెప్పులు వేసుకోరు. పడవంటే గంగమ్మ ఒడి. ఎక్కని పడవల దగ్గర కూడా చెప్పులు విడిచే పెరిగినదాన్ని, మొదటిసారి ఎక్కేటప్పుడు బూట్లు వేసుకుంటానా? సాల్మన్ బూట్లు, బూట్లు అని వెనక నుంచి అరుస్తున్నా వినిపించుకోలేదు.

కయాక్ ముందుకు పోలేదు. ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఎడమ వేస్తే కుడికి, కుడి వేస్తే ఎడమకు. రేవులో పడవ కోసం కూర్చున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను, కానీ తెడ్డు వదల్లేదు. చివరికి గుంజను చుట్టాననే చెప్పాలి. గుద్దుకున్నాను కూడా. దాని మీద కూర్చున్న నీటికాకి విసుగ్గా లేచిపోయింది. ఒంటి కయాక్ నాదైంది.

మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. దూరాన ఫ్లెమింగోలు మోకాలి లోతు నీళ్లలో తలలు ముంచి మేస్తున్నాయి. వంశీ వాటి ఫొటోల కోసం దగ్గరికి పోనిచ్చి, భార్యతో సహా బురదలో దిగబడ్డాడు. గెడతో పడవ తోసుకుంటూ పోతున్న ఒక పెద్దాయన ఆగి, వాళ్లను వెనక్కి లాగి, ఈ మోకాలి లోతులో తిరగడానికి ఇంత దూరం వచ్చారా అని అడిగి వెళ్లిపోయాడు.

నా వంతు ఆ వెంటనే వచ్చింది. కాళ్లు సాగదీసుకుందామని ఒక ఇసుక తిప్ప దగ్గర ఆగాం. నీళ్లలో నుంచి పైకి కనిపిస్తున్నంత మేర మెత్తటి ఇసుకే. ఉత్త కాలు దించాను. కింద ఆల్చిప్పలు. అరికాలు చీరుకుపోయింది. బూట్లు రేవు ఒడ్డున భద్రంగా ఉన్నాయి.

ఇరకం

ఇరకం దీవిలో మాకు వంట చేసిపెట్టిన ఆమె మంగమ్మక్క. నాకన్నా కాస్త పెద్దది. సాల్మన్ కట్టిన బ్యాండేజీని విప్పదీసి, పసుపు అద్ది, పాత చీర పేలిక చుట్టింది. మడవ చేపల పులుసు, రొయ్యల వేపుడు, అన్నం వడ్డించింది. మా నెల్లూరులో పులుసంటే మామిడికాయ ముక్కలు పడాలి. ఇక్కడ చింతపండే, కారం మాత్రం రెట్టింపు. అనూష కళ్లలో నీళ్లు పెట్టుకుంటూ మూడోసారి పెట్టించుకుంది. ఈ మడవలు మా నెల్లూరు మార్కెట్‌కు చేరేసరికి ధర రెట్టింపు, రుచి సగం.

ఆమెదీ చేపలు పట్టే కుటుంబమే, మా గంగమ్మే వాళ్ల గంగమ్మ. పడవ ఎక్కినందుకు మా అన్న నా మీద కోపంగా ఉన్నాడని చెబితే మంగమ్మక్క వింతగా చూసింది.

"ఇది దీవి గదమ్మా. మేము పడవెక్కకపోతే కాన్పుకి ఎట్టా పోతాం?" అంది. "నా కొడుకు పడవలోనే పుట్టినాడు, రేవు చేరకముందే."

అయితే మీ దగ్గర కట్టుబాటు లేదా అని అడిగాను. ఉందట. రేవు పడవ ఎక్కుతారు, వల ఉన్న పడవ మాత్రం ఎక్కరు. వల లేనప్పుడు అదే పడవలో అందరూ పోతారు, అవసరమైతే తానే గెడ వేసి తోస్తుంది. వల దించితే తప్పు కాదు, ఎక్కిస్తే తప్పు. అటువంటప్పుడు తప్పు ఆడదానిలో ఉందా, వలలో ఉందా అని అడిగాను. ఆమె చేప ముల్లు తీసి పక్కన పెట్టి, "అది మొగోళ్లని అడగాల. మమ్మల్ని అడిగి పెట్టినారా ఏంది?" అంది. నాకు ఆమెను వాటేసుకోవాలనిపించింది. ఒకే తల్లిని కొలిచేవాళ్లం, మధ్యలో ఉన్నది కాసిన్ని నీళ్లే, ఇక్కడ తప్పు కానిది మా ఒడ్డున తప్పు ఎలా అవుతుంది?

తెల్లవారి బయలుదేరేటప్పుడు సాల్మన్ మరో జత బూట్లు తెచ్చి నా ముందు పెట్టాడు. గౌరవంగానే, కానీ ఖచ్చితంగా చెప్పాడు. కాలికి గాయం, ఉప్పునీళ్లు, ఇవి లేకుండా కయాక్ దించనని. ఈ ఒక్క విషయంలో అతనిదే న్యాయం. గంగమ్మతో మనసులో "తప్పు నీదీ కాదు, నాదీ కాదు తల్లీ, ఆల్చిప్పలది" అని చెప్పుకుని వేసుకున్నాను. పేలిక మీద బూటు బిగుతుగా పట్టింది.

తిప్పల మధ్య

రెండో రోజంతా పడటం నేర్చుకున్నాం. నడుము లోతు నీళ్లలో కయాక్‌ను కావాలని తిరగేసి, మళ్లీ సరిచేసి, చేపలా పొట్ట మీద పాకి ఎక్కాలి. సముద్రంలోకి వెళ్లేవాళ్లకు ఇది రాకపోతే కుదరదని సాల్మన్ ముందే చెప్పాడు. అనూష రెండో ప్రయత్నానికే ఎక్కేసింది. నేను ఎక్కుతాను, అటువైపు పడతాను. సాల్మన్ చేయి అందించబోతే వద్దన్నాను. అనూష, వంశీ తిప్ప మీద కూర్చుని పుచ్చకాయ తినడం అయిపోయేసరికి నాకూ పట్టుబడింది. నాకు మిగిల్చిన ముక్కలో ఇసుక ఉంది. అయినా తిన్నాను.

తింటుంటే సాల్మన్ పక్కన కూర్చుని, నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. మా అన్న అతనికి కూడా ఫోన్ చేశాడట. బెదిరించలేదు, తమ ఒడ్డుకు రావద్దని మాత్రం చెప్పాడట. "నాకు ఊళ్లతో పని మేడమ్. రేపు ఇంకో బ్యాచ్ వస్తే ఇదే దారి. అవతల కుప్పంలో దిగుదాం, ఏమనుకోబాకండి" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. ఒడ్డు ఊరిది, ఊరు కాదంటే గైడు చేసేదేమీ లేదు.

అప్పుడు మా ఒడ్డు కట్టుబాటు అతనికి చెప్పాను. నీళ్లలో నుంచి ఏ పడవ ఒడ్డుకొచ్చినా అక్కడున్నవాళ్లు లేచి లాగాలి. ఎవరిదని అడగకూడదు. మా నాన్నకు పక్కింటి ఆయనతో మాటలుండేవి కావు, కానీ ఆయన పడవ వస్తే తింటున్న అన్నం వదిలి పోయి తాడు పట్టేవాడు. పడవలో ఉన్నవాళ్లు ముందే దూకి లాగుతారు. చుక్కాని పట్టినవాడు మాత్రం దిగడు. పడవ పొడి ఇసుకకు చేరాకే, అందరికన్నా చివర దిగుతాడు. ఆడవాళ్లు పడవ ఎక్కకూడదనేది కట్టుబాటైతే ఇదీ కట్టుబాటే. ఒకటి పట్టుకుని ఒకటి వదిలేస్తామంటే నేను ఊరుకోను.

సాల్మన్ ఆలోచించాడు. తామందరూ అలలకు అవతలే ఆగుతామని, నేను ఒక్కదాన్నే ఒడ్డుకు పోవాలని, గొడవైతే వెంటనే వెనక్కి తిరగాలని అన్నాడు. ఒప్పుకున్నాను, వెనక్కి తిరగడం గురించి తప్ప.

మొగ

మూడో రోజు కయాక్‌లను వ్యాను మీద కట్టి, నిషేధమున్న శ్రీహరికోట వైపు సముద్రాన్ని వదిలి, ఉత్తరాన ఒక ఉప్పుటేరు దగ్గర దించారు. దారిలో టీ కొట్టు ఆయన మా లైఫ్ జాకెట్లు చూసి వరదలొచ్చాయా అని అడిగాడు. అక్కడ తిన్న పుల్లట్టు గురించి ఇంకోసారి ఎప్పుడైనా రాయాలి, అంత బాగుంది.

ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. మాఘమాసం కాబట్టి సముద్రం సాధువుగా ఉంటుందని అనుకున్నాం. బయట నిజంగానే అలా ఉంది. మొగలో మాత్రం ఏరు బయటికి తోస్తుంటే అల లోపలికి తోస్తోంది, రెండూ కలిసిన చోట నీళ్లు ఉడుకుతున్నాయి. సాల్మన్ ముందు నిలబడి అలలు లెక్క చూసుకుని ఒక్కొక్కరినీ వదిలాడు. అనూష, వంశీ కేకలు పెట్టుకుంటూ దాటేశారు. నేను బలంగానే తెడ్డేశాను. అల పక్క నుంచి వచ్చింది.

ముక్కులో, చెవుల్లో ఉప్పునీళ్లు. పైకి తేలేసరికి కయాక్ బోర్లా పడి ఉంది. ఏడుపొచ్చింది, నిజంగానే. అయితే ఏడుస్తూనే దాన్ని తిరగేశాను, ఏడుస్తూనే పొట్ట మీద పాకి ఎక్కాను. కూర్చున్నాక చూసుకుంటే తెడ్డు చేతిలోనే ఉంది. ఇంకో అల వచ్చేలోపు మొగ దాటాను.

బయట సముద్రం నెమ్మదిగా లేపి దించుతోంది. ఒడ్డు దూరంగా, సన్నగా. మా నాన్న రోజూ మమ్మల్ని ఇక్కడి నుంచే చూసేవాడన్నమాట. మేమంతా ఇంత చిన్నగా కనబడేవాళ్లమా? ఆయన బతికుండగా ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూపిస్తే ఏం పోయేది?

మా కుప్పం కొబ్బరి చెట్లు కనిపించేసరికి భుజాలు పనిచేయడం మానేశాయి. సాల్మన్ దగ్గరికొచ్చి, తన కయాక్‌కు తాడు కట్టుకుంటే లాక్కుపోతానన్నాడు.

"తాడు కట్టించుకుని మా ఊరికి రాను" అన్నాను. అతను తాడు చుట్టి పెట్టేసుకున్నాడు.

మా ఒడ్డు

ఒడ్డున చేపల వేలం జరుగుతోంది. పొద్దున వేట నుంచి వచ్చిన పడవలు ఇసుక మీద ఉన్నాయి. ఆడవాళ్లు గంపలతో గుంపుగా నిలబడి ఉన్నారు. మా అన్న తన పడవ నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. దూరం నుంచే పోల్చుకున్నాను, ఆ వంగిన వీపు మా నాన్నదే. సాల్మన్ వాళ్లు చెప్పినట్టే అలలకు అవతల ఆగిపోయారు. చివరి అల నన్ను లేపి తెచ్చి ఇసుక అంచున పడేసింది. కయాక్ మూతి ఇసుకలో, వెనక భాగం నీళ్లలో.

వేలం ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. గంపల మధ్య మా వదిన కనిపించింది. ఆమె నన్ను చూసి, తర్వాత భర్త వైపు చూసింది. నేను దిగలేదు. దిగి నడిచి పోవచ్చు, మోకాలి లోతు కూడా లేదు. కానీ తెడ్డు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఒక అల వచ్చి వెనక భాగాన్ని పక్కకు తోసింది. ఇంకొకటి వస్తే అడ్డం తిరిగి బోర్లా పడతాను. పడితే ఇక్కడే పడతాను, ఈ మనుషుల ముందే. ఒడ్డుకొచ్చిన పడవను లాగకుండా కూర్చున్న కుప్పమని పేరు వాళ్లకే వస్తుంది.

అన్న వల పక్కన పెట్టి లేచాడు. ఆదరాబాదరాగా ఏమీ రాలేదు. నీళ్ల అంచు దాకా వచ్చి నిలబడి, నా ముఖం వైపు చూడకుండా కాళ్ల వైపు చూశాడు.

"పడవలో చెప్పులేంది?" అన్నాడు. "ఎవురన్నా పడవలో చెప్పులేసుకుంటారా? ఇప్పు."

పడవ అన్నాడు. తొట్టి అనలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండింటినీ మింగేశాను. బూట్లు ఊడదీసి ఇసుక మీదికి విసిరాను. తడిసి జారిన పేలిక, కింద చీరుకున్న అరికాలు ఆయన చూశాడు. చేయి చాచాడు.

"దిగు ధనా."

"దిగను. చుక్కాని నాది" అన్నాను. "లాగు."

ఆయన చాచిన చేయి అలాగే ఉంది. మా వదిన గంప కింద పెట్టి, చీర దోపుకుని నీళ్లలోకి వచ్చి ఒక పక్క పట్టుకుంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. అప్పుడు అన్న వంగి కయాక్ మూతికున్న తాడు అందుకున్నాడు.

"రేపట్నించి అందరూ ఎక్కతామంటారు" అని గొణిగాడు.

"ఎక్కతాం" అంది మా వదిన, లాగుతూనే.

పొడి ఇసుక మీదికి చేరాక, అందరూ పట్టు వదిలి పక్కకు జరిగాక, నేను దిగాను.